ముక్కు కొన ఎందుకు అరిగింది? పాత్ర పూర్వకథను మాస్కులో చెప్పే పద్ధతి

సినిమాలోనో గేములోనో ఒక పాత్రకు మాస్కు డిజైన్ చేయమనగానే చాలామంది ముందు ముఖం గీస్తారు. కోపంగా ఉండాలా, దిగులుగా ఉండాలా, కొమ్ములు పెట్టాలా అన్న ప్రశ్నలతో పని మొదలవుతుంది. గంట తిరిగేసరికి చూడటానికి బాగున్న మాస్కు ఒకటి తయారవుతుంది. కాని ఆ పాత్ర ఎక్కడి నుంచి వచ్చింది, ఏం పోగొట్టుకుంది అని అడిగితే బొమ్మ దగ్గర జవాబుండదు. అప్పుడు కంటి మీదుగా ఒక పగులు, చెంప మీద నాలుగు గీతలు చేర్చి, గతం వచ్చేసిందనుకుంటారు.

మాస్కును ముందు ఒక వస్తువుగా చూడాలి. ఎవరో ఒకరు, ఏదో ఒక పని కోసం, చేతికందిన పదార్థంతో దాన్ని చేశారు. తర్వాత అది ఎవరి ముఖానికో ఎక్కింది, చెమటలో నానింది, కింద పడింది, మళ్లీ అతుకు పెట్టించుకుంది. చేసిన రోజు ఎలా ఉండేదో, ఇప్పుడు ఎలా ఉందో, ఆ తేడాలోనే పాత్ర పూర్వకథ ఉంటుంది. అందుకని డిజైనర్ నిజంగా రెండు మాస్కులు గీయాలి. కొత్తగా ఉన్నప్పటిది ఒకటి, ప్రేక్షకుడు చూసేది ఒకటి. మొదటిది తెర మీదికి ఎప్పటికీ రాకపోవచ్చు. అది లేకుండా రెండోదాన్ని గీస్తే మచ్చలన్నీ అలంకారంగా మిగిలిపోతాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖం ఛిద్రమైన సైనికులకు శిల్పులు మాస్కులు చేసిచ్చారు. లండన్‌లో ఫ్రాన్సిస్ డెర్వెంట్ వుడ్, పారిస్‌లో అమెరికన్ శిల్పి అనా కోల్‌మన్ లాడ్ ఈ పనిలో పేరు పొందారు. గాయం మానాక ముఖానికి ప్లాస్టర్ అచ్చు తీసేవారు. గాయపడక ముందటి ఫొటోలు చూసి పోయిన భాగాన్ని మలిచేవారు. దాన్ని ఒక మిల్లీమీటరు కన్నా పలచటి రాగి రేకుగా తయారుచేసి, ఆ మనిషి తొడుక్కుని ఎదురుగా కూర్చుని ఉండగానే అతని చర్మానికి సరిపడేలా రంగు వేసేవారు. చాలావాటిని కళ్లజోడు పట్టి ఉంచేది. ఆ మాస్కు చూపేది యుద్ధానికి ముందటి మనిషిని, తొడుక్కున్నది యుద్ధం తర్వాతి మనిషి. ఏళ్లు గడిచేకొద్దీ ముఖం ముసలిదవుతుంది, రేకు మాత్రం ఫొటో నాటి వయసులోనే ఆగిపోతుంది. ఏడుపు మొహం గీయకుండా, ఒక్క కన్నీటి చుక్క పెట్టకుండా అంత కథ అందులో ఉంది. కల్పిత పాత్రకు మాస్కు చేసేటప్పుడు మనం వెతుక్కోవాల్సింది ఇలాంటి తేడానే.

బొమ్మకు ముందు అయిదు జవాబులు

పెన్సిల్ పట్టుకునే ముందు అయిదు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రాసుకోవాలి. దీన్ని ఎవరు చేశారు? ఎవరి కొలతకు చేశారు? ఏ పని కోసం? ఇప్పుడు తొడుక్కున్న మనిషి చేతికి ఎలా వచ్చింది? ఇవాళ కూడా ఎందుకు తొడుక్కోవాల్సి వస్తోంది? మామూలుగా స్క్రిప్టులో వీటిలో ఒకటి రెండింటికే జవాబు దొరుకుతుంది. మిగతావి రచయితనో దర్శకుడినో అడిగి తేల్చుకోవాలి. వాళ్లింకా ఆలోచించలేదంటే మనమే రెండేసి జవాబులు రాసి ముందు పెట్టి, ఏది కావాలో ఎంచుకోమనాలి. చివరి ప్రశ్నను మాత్రం దాటేయకూడదు. దాక్కోవడానికి తొడుక్కునేవాళ్ల మాస్కు, గుర్తింపు కోసం తొడుక్కునేవాళ్ల మాస్కు, పొగలో ఊపిరాడటానికి తొడుక్కునేవాళ్ల మాస్కు ఒకే చోట అరగవు. ఒకదాన్ని రోజూ తుడుస్తారు, ఒకదాన్ని పండగకే తీస్తారు, ఒకదాన్ని అసలు కడగరు.

ఆ జవాబుల్లోంచి సంఘటనలు ఏరుకోవాలి. ‘ఆమె లోలోపల కుమిలిపోతోంది’ అన్నదాన్ని చెక్క మీద గీయలేం. ‘ఆమె నుదుటి గుర్తును ఉలితో గీకేసింది’ అన్నదాన్ని గీయగలం. భావం ఎంత గొప్పదైనా, అది మాస్కును తాకి ఏదో ఒక పని చేసి ఉంటేనే డిజైనర్‌కు పనికొస్తుంది.

మూడు సంఘటనలు చాలు. అంతకు మించితే చూసేవాడికి ఏదీ అందదు, మాస్కు ఒట్టి పాత సామానులా కనిపిస్తుంది. ఆ మూడింటినీ ఒకే దూరానికి పెట్టకూడదు. ఒకటి దూరపు షాట్‌లో ఆకారంగా తెలియాలి. రెండోది నడుము దాకా కనిపించే షాట్‌లో రంగుగానో పెద్ద మచ్చగానో అందాలి. మూడోది క్లోజప్ కోసం దాచుకోవాలి. మొదటి సన్నివేశంలోనే అన్నీ కనిపిస్తే ఆ తర్వాత కెమెరా దగ్గరికి వెళ్లినా ప్రేక్షకుడికి కొత్తగా దొరికేదేమీ ఉండదు.

ఒక కాపలా మాస్కు

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్తే ఇదంతా చేతికి అందుతుంది. ఒక కోట ఉందనుకుందాం. కాపలావాళ్లందరికీ ఒకే నమూనాలో చెక్కిన మాస్కులు, కంటి రంధ్రాలు మాత్రం ఎవరి కొలతకు వారికి, పైన నల్ల లక్క పూత. నుదుటి మీద దళం గుర్తు. నోటి దగ్గర రంధ్రం ఉండదు, ఎందుకంటే కాపలా మీద ఉన్నవాడు నోరు విప్పకూడదు. అన్న చనిపోతే చెల్లెలు అతని మాస్కు తొడుక్కుని ఎవరికీ తెలియకుండా అతని చోట కొన్నాళ్లు కాపలా కాసింది. తర్వాత పారిపోయింది. ఇప్పుడు కొండదారుల్లో ప్రయాణికులకు దారి చూపిస్తోంది. మనం ఎంచుకున్న సంఘటనలు మూడు: మాస్కు ఆమెది కాదు, కోటను వదిలి వచ్చింది, మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆకారానికి మూడోదాన్ని తీసుకుందాం. మాస్కు కింది భాగాన్ని పై పెదవి మీదుగా అడ్డంగా రంపంతో కోసేసింది. పైన యంత్రం చేసినట్టు సమానంగా ఉన్న ముఖం, కింద ఒక్కసారిగా తెగి, అక్కడి నుంచి బతికున్న గడ్డం మొదలవుతుంది. చిన్న బొమ్మగా నల్లరంగు నింపి చూసినా ఆ తెగిన గీత తెలుస్తుంది. ఇక్కడ చాలామంది గీతను వంకరగా, చీలికలతో, నాటకీయంగా గీస్తారు. ఆమె దాన్ని కోపంతో విరగ్గొట్టలేదు, మాట్లాడటానికి వీలుగా ఉండాలని కూర్చుని కోసుకుంది. కాబట్టి గీత దాదాపు తిన్నగా ఉండాలి. ఒక చివర మాత్రం 3, 4 మిల్లీమీటర్లు కిందికి జారాలి, ఎందుకంటే మాస్కును మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఒంటరిగా కోసిన మనిషికి రంపం చివర్లో పక్కకు లాగుతుంది. ఆ జారిన గీత ఆమెకు సాయం ఎవరూ లేరని చెబుతుంది.

కోటను వదిలి వచ్చిందని చెప్పడానికి నుదుటి గుర్తు రెండో దూరానికి పనికొస్తుంది. ఉలితో గీకితే లక్క పోయి కింద చెక్క కనబడుతుంది. నల్లటి ముఖం మీద అరచేతి వెడల్పున లేత మచ్చ నడుము దాకా ఉన్న షాట్‌లో బాగా తెలుస్తుంది. ఉలి పలకలు పలకలుగా చెక్కుకుంటూ పోతుంది, కత్తి సన్నటి గాట్లు పెడుతుంది, రాయితో రుద్దితే గీతలన్నీ ఒకే వైపు సాగుతాయి. ఏ పనిముట్టు అన్నది ముందే తేల్చుకోకపోతే టెక్స్చర్ ఆర్టిస్టు (కంప్యూటర్ మోడల్ పైపొరకు రంగులు, మచ్చలు వేసేవాడు) ‘గీతలు’ అన్న పేరుతో దొరికే ఏదో ఒక నమూనా తెచ్చి అతికిస్తాడు.

మాస్కు ఆమెది కాదన్న సంగతి క్లోజప్‌కు. పెద్దవాళ్లలో కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది. అన్నకు 66 అనుకుని మాస్కు రంధ్రాలు గీద్దాం, చెల్లెలికి 60 పెడదాం. ఒక్కో వైపు 3 మిల్లీమీటర్లే తేడా. కాని ఆమె కళ్లు రంధ్రాల మధ్యలో ఉండవు, ముక్కు వైపుకు ఒదిగి ఉంటాయి. లోపలి మూలలను కత్తి మొనతో కాస్త చెక్కి వెడల్పు చేసుకుంది, అక్కడ లక్క లేని చెక్క సన్నగా కనిపిస్తుంది. లోపలి వైపు నుదుటి దగ్గర, రెండు చెంపల దగ్గర గుడ్డ పేలికలు మడిచి అతికించుకుంది. తోలు పట్టీకి పాత రంధ్రం సాగి పెద్దదై ఉంటుంది, దానికి రెండు వేళ్ల దూరంలో కొత్త రంధ్రం ఉంటుంది. ప్రేక్షకుడు ఇవన్నీ లెక్కపెట్టడు. ఈ మాస్కు ఈమె ముఖానికి సరిపోలేదన్న అనుమానం మాత్రం అతనిలో మొలకెత్తుతుంది. రచయిత ఆ నిజాన్ని బయటపెట్టిన రోజు ఆ అనుమానం జవాబు దొరికినట్టు కుదురుకుంటుంది.

ఏది ముందు, ఏది తర్వాత

మచ్చలు ఏ వరసలో పడ్డాయో తెలియకపోతే సంఘటనలు ఎన్ని ఉన్నా అవి కథగా ముడిపడవు. డిజైన్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. సూత్రం చాలా పాతది: తర్వాత వచ్చింది ముందున్నదాన్ని కప్పుతుంది, లేదా కోస్తుంది. రంగు మీదుగా పగులు వెళ్తే రంగు ముందు, పగులు తర్వాత. పగులు లోపలికి రంగు దిగి ఉంటే పగిలిన మాస్కుకే రంగు వేశారన్నమాట. ఈ రెండు బొమ్మలకూ తేడా పగులు అంచున వెంట్రుకంత గీత. చెప్పే కథలు మాత్రం వేరు. మొదటిదాంట్లో ఒక అందమైన వస్తువు దెబ్బతింది. రెండోదాంట్లో దెబ్బతిన్నదాన్ని ఎవరో మళ్లీ వాడకానికి తెచ్చుకున్నారు.

మన కాపలా మాస్కులో ఆమె గుర్తును ముందు గీకిందా, కింది భాగాన్ని ముందు కోసిందా? గీకడం పాతది, కోత కొత్తది అనుకుందాం. గీకిన చోట చెక్క అప్పటికే ఎండకు, వేలి జిడ్డుకు ముదిరి తేనెరంగుకు తిరిగి ఉండాలి. కోసిన అంచు ఇంకా పాలిపోయి ఉండాలి. ముఖం పొడవునా చెక్క నార నిలువుగా ఉంటుంది గనక, అడ్డంగా కోసినప్పుడు నార కొసలు బయటపడతాయి. ఊపిరి తడిని అవే ముందుగా పీలుస్తాయి. కొంతకాలానికి ఆ అంచు నుంచి పైకి సన్నటి చీలికలు పాకుతాయి. ఆ చీలికల పొడవే కోసి ఎన్నాళ్లయిందో చెప్పే గడియారం. సినిమా మొదట్లో 5 మిల్లీమీటర్లు, చివరికి 20 మిల్లీమీటర్లు పెట్టుకుంటే మాటల అవసరం లేకుండానే కాలం గడిచిందని తెలుస్తుంది.

ఎండ కూడా గడియారమే. పట్టీ కింద దాగిన చోట రంగు అసలు రంగులోనే ఉంటుంది, చుట్టూ వెలిసిపోతుంది. పట్టీని ఒక వేలు పక్కకు జరిపి గీస్తే వెలవని చార బయటపడుతుంది. మాస్కు కట్టే పద్ధతి ఒకప్పుడు వేరని, బహుశా మనిషే వేరని ఆ ఒక్క చార చెప్పేస్తుంది. ఖర్చు లేని పని, చేసేవాళ్లు తక్కువ.

అతుకులు ఎవరు వేశారో కూడా తేలాలి. పగిలిన పింగాణీని ఉరుషి అనే చెట్టు జిగురు లక్కతో అతికి అతుకు మీద బంగారు పొడి అద్దే కింత్సుగి పద్ధతి జపాన్‌ది, అందమైనది. అందుకే మాస్కు పగిలిందంటే చాలు, బంగారు గీతలు వచ్చేస్తున్నాయి. కాని ఆ అతుకు వెనక నేర్చుకున్న చేతులు, వారాల తరబడి ఆరనిచ్చే ఓపిక, బంగారం ఉన్నాయి. పారిపోయి తిరిగే మనిషి మాస్కు మీద అలాంటి అతుకు కనిపిస్తే అది ఆమె కథను తప్పుగా చెబుతుంది. ఆమె చేతిలో ఉన్నది సూది, తోలు ముక్క, మైనం పట్టిన దారం. కోసిన అంచు పెదవికి గుచ్చుకోకుండా తోలు పట్టీ కుట్టుకుని ఉంటుంది. మొదటి పది కుట్లు దగ్గర దగ్గరగా, చివరివి దూరం దూరంగా పడి ఉంటాయి, దారం అయిపోవచ్చింది కనక.

అరుగుదల ఎక్కడ ఉండాలి

మాస్కు అంచులన్నిటికీ సమానంగా అరుగుదల పూయడం ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బటన్ పని. దానివల్ల వచ్చే బొమ్మ నమ్మశక్యంగా ఉండదు, ఎందుకంటే నిజమైన వస్తువు తాకిన చోటే అరుగుతుంది. మాస్కును మనిషి మూడు చోట్ల తాకుతాడు. తీసేటప్పుడు పట్టుకునే చోటు, పట్టీ రాసుకునే చోటు, కింద పెట్టినప్పుడు నేలకు ఆనే చోటు.

కుడిచేతివాటం మనిషి అలవాటుగా ఒక్క చేత్తో తీస్తే కుడి చెంప అంచున బొటనవేలి వెడల్పున పూత పోయి నున్నగా మెరుస్తుంది. రెండు చేతులతో జాగ్రత్తగా తీసేవాళ్లకు రెండు వైపులా కొద్దికొద్దిగా పోతుంది. తన మాస్కును గౌరవంగా చూసే పాత్రా, విసుగ్గా లాగి పారేసే పాత్రా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది.

కింద పెట్టే తీరు ఇంకా మంచి కథ చెబుతుంది. వెల్లకిలా పెడితే వెనక అంచు నేలకు రాసుకుంటుంది, ముందు భాగం చెక్కుచెదరదు. బోర్లా పెడితే ముక్కు కొన, నుదుటి ఎత్తు, గడ్డం అరుగుతాయి. మన ఉదాహరణలో గడ్డం లేదు, కాబట్టి ముక్కు కొన, నుదురు, కోసిన అంచు అరగాలి. ముక్కు కొన తెల్లబడేదాకా అరిగిందంటే ఆ మనిషి ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ దాన్ని బోర్లా తిప్పే పెట్టింది. చనిపోయిన అన్న ముఖం తనవైపు చూడకుండా. ఒక నాణెమంత మచ్చలో ఇంత దాచవచ్చు. దాన్ని సన్నివేశంలో ఒక్కసారైనా వాడుకోమని దర్శకుడికి డిజైన్ షీట్‌లోనే రాసిపెట్టాలి, లేకపోతే ఎవరికీ తెలియకుండా పోతుంది.

పదార్థం ఏదైతే అరుగుదల దానికి తగ్గట్టు మారుతుంది. తోలు చెమటకు నల్లబడి, మడతల దగ్గర తెల్లటి ఉప్పు పూసి, అక్కడే పగులుతుంది. రాగి, కంచు తడి నిలిచే గుంటల్లో పచ్చబడతాయి, వేళ్లు తగిలే ఎత్తుల్లో మెరుస్తాయి. చాలామంది దీన్ని తలకిందులుగా గీస్తారు. కాగితం గుజ్జుతో చేసింది తడిస్తే ఉబ్బి పొరలు పొరలుగా లేస్తుంది. పింగాణీకి సొట్టలు పడవు, పెచ్చు లేచిపోతుంది. ఇనుము తుప్పు చారలుగా కిందికి కారుతుంది. ఆ చార దిక్కును బట్టి మాస్కు గోడకు ఏ భంగిమలో వేలాడిందో తెలుస్తుంది.

కళ్లు, వంపు, వెలుగు

మాస్కు ముఖకవళిక మారదు కాబట్టి నటన పోతుందన్న భయం దర్శకులకు ఉంటుంది. జపాన్ సంప్రదాయ నోహ్ నాటకంలో వాడే చెక్క మాస్కులు ఈ భయానికి శతాబ్దాల కిందటే జవాబిచ్చాయి. నటుడు తలను కాస్త పైకెత్తితే వెలుగు బుగ్గల మీద పడి ముఖం వికసించినట్టుంటుంది, దాన్ని తెరాసు అంటారు. కాస్త దించితే నుదుటి నీడ కళ్ల మీద పడి ముఖం మబ్బు పట్టినట్టుంటుంది, అది కుమొరాసు. మాస్కు మారలేదు, కోణం మారింది. అలా పలకాలంటే కనుబొమల కింది లోతు, బుగ్గ ఎత్తు, పెదవి మూలలు ఏ ఒక్క భావానికీ గట్టిగా కట్టుబడకుండా చెక్కాలి. పెద్దగా నవ్వుతున్న మాస్కును ఎంత వంచినా నవ్వుతూనే ఉంటుంది. ఆ పాత్రకు శోకదృశ్యంలోనూ నవ్వే కావాలని కథ కోరితే సరే, లేకుంటే ముఖాన్ని తటస్థంగా ఉంచడమే మేలు.

దీన్ని పరీక్షించడం తేలిక. రంగులేవీ లేకుండా బూడిదరంగు మట్టిబొమ్మలా మోడల్ చేసుకుని ఒకే ఒక్క దీపం పెట్టాలి. తలను పైకి 15 డిగ్రీలు, తిన్నగా, కిందికి 15 డిగ్రీలు. దీపాన్ని పైన, పక్కన, కింద. మొత్తం 9 చిత్రాలు. వాటిని పక్కపక్కన పెడితే కనీసం మూడు వేరువేరు మనోభావాలు కనిపించాలి. తొమ్మిదీ ఒకేలా ఉంటే కనుబొమ ఎముకను 2, 3 మిల్లీమీటర్లు ముందుకు తెచ్చి మళ్లీ చూడాలి. రంగులు వేశాక ఈ లోపం దొరకదు.

కంటి రంధ్రం చిన్నదయ్యేకొద్దీ పాత్ర చూపు తగ్గుతుంది, తల తిప్పడం పెరుగుతుంది. నోహ్ మాస్కుల్లో రంధ్రాలు ఎంత చిన్నవంటే నటుడు రంగస్థలం మూలనున్న స్తంభాన్ని గురుతు పెట్టుకుని అడుగులు వేస్తాడు. మన పాత్ర పోరాడాలన్నా, పరుగెత్తాలన్నా అంత చిన్న రంధ్రాలు కుదరవు. కాని కాపలావాడు పక్కకు చూడకూడదని కోట అధికారులు కావాలనే చిన్నగా చేయించారని అనుకుంటే, ఆమె కత్తితో లోపలి మూలలు చెక్కుకోవడం ఒక్కసారిగా అవసరంతో పాటు తిరుగుబాటు కూడా అవుతుంది. డిజైన్‌లో రెండు కారణాలు ఒకే గుర్తు మీద కలిసినప్పుడు ఆ గుర్తును అస్సలు వదులుకోకూడదు.

రంధ్రం వెనక మామూలు చర్మం కనిపిస్తే ముఖానికీ మాస్కుకూ మధ్య సందు తెలిసిపోయి అతికించినట్టుంటుంది. కంటి చుట్టూ నల్లగా పూసి, ఆ నలుపును రంధ్రం నీడలో కలిపేయాలి. కనుగుడ్డులో మాత్రం ఒక వెలుగు చుక్క దక్కేలా రంధ్రం పై అంచును ఏటవాలుగా చెక్కాలి. ఆ చుక్క పోయిందంటే మాస్కు వెనక మనిషే లేనట్టుంటుంది.

ముఖాన ఎలా నిలుస్తుంది

మాస్కు ముఖం మీద దేనితో నిలుస్తుందన్నది ఆఖరి నిమిషంలో ఆలోచించే విషయం అయిపోయింది. వెనిస్‌లో ఆడవాళ్లు పెట్టుకున్న మొరెట్టా అనే నల్ల వెల్వెట్ మాస్కుకు పట్టీ లేదు. లోపలున్న బొత్తాన్ని పళ్లతో పట్టుకోవాలి, అంటే తొడుక్కున్నంతసేపూ మాట్లాడటం కుదరదు. అదే నగరంలోని బౌటా మాస్కుకు కింది భాగం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, తీయకుండానే తినవచ్చు, తాగవచ్చు, పైగా గొంతు కూడా మారి వినిపిస్తుంది. ఒకటి నోరు మూయించింది, ఒకటి ఎవరో తెలియకుండా మాట్లాడనిచ్చింది. ఇంత పెద్ద తేడా తెచ్చింది మాస్కును పట్టి ఉంచే పద్ధతి, కింది భాగం ఆకారం.

మన పాత్రకు ఎంపిక రాసేటప్పుడు ఇతరుల సాయం లేకుండా తీయగలదా అని అడగాలి. తల వెనక ముడి ఎవరో వేయాల్సినది అయితే ఆమె ఒకరి మీద ఆధారపడి ఉంది. తాళం ఉంటే ఖైదీ. కొక్కెం ఉంటే క్షణంలో తీసేయగలదు, అయినా తీయడం లేదంటే అది ఆమె నిర్ణయం. పాత్ర భుజం వెనక నుంచి చూసే కెమెరా ఉన్న గేముల్లో ఆటగాడు గంటల తరబడి చూసేది ముఖాన్ని కాదు, ఆ ముడినే. అలాంటి ప్రాజెక్టులో ముఖ్యమైన సంఘటన ఒకటి తల వెనక్కి మార్చక తప్పదు. అన్న పట్టీ తెగిపోతే తన పాత జడతాడుతో ముడివేసుకుందని పెట్టవచ్చు.

గీసే క్రమం, అప్పగించే షీట్

జవాబులు, సంఘటనలు తేలాక చిన్న నల్ల ఆకారాలతో మొదలుపెట్టాలి. ఒక్కోటి 3 సెంటీమీటర్ల ఎత్తు, ముప్పై దాకా, ఒక్కోదానికి రెండు నిమిషాలకు మించకుండా. మొదటి పది ఎక్కడో చూసిన మాస్కులే అవుతాయి, వాటిని బయటికి పోనివ్వాలి. మాస్కు ఒక్కదాన్నే గీయకుండా తల, జుట్టు, భుజాలతో కలిపి గీయాలి. విడిగా బాగున్న ఆకారం టోపీ కిందో జుట్టు మధ్యో కనిపించకుండా పోతుంది. మూడింటిని ఏరి, నలుపు, తెలుపు, ఒక బూడిదరంగుతో మాత్రమే పెంచాలి. రంగు ఆ తర్వాతే. ఏదో ఒక జాతి క్రతువుల్లో ఇవాళ్టికీ వాడుతున్న మాస్కు రూపాన్ని ఎత్తి తెచ్చి విలన్ ముఖానికి పెట్టడం వద్దు. దాని అర్థం దానికి ముందే ఉంది, మన కథ దాన్ని తుడిచేయలేదు, గాయపరచగలదు అంతే.

చివరి షీట్‌లో ముందు, ముప్పావు (ముఖం కాస్త పక్కకు తిరిగినది), పక్క కోణాలతో పాటు లోపలి వైపు తప్పకుండా ఉండాలి. చెమట మరక, పేలికలు, చెక్కినవాడి ఉలి గుర్తులు, కాపలా సంఖ్య అన్నీ అక్కడే ఉంటాయి. మాస్కు తీసే దృశ్యం ఒక్కటి ఉన్నా మోడలర్‌కు, అంటే మాస్కును కంప్యూటర్‌లో మలిచేవాడికి, అది కావాలి. అరుగుదల ఎక్కడెక్కడో వేరే బొమ్మ మీద రంగులు వేసి చూపాలి: చేతికి ఒక రంగు, పట్టీకి ఒకటి, నేలకు ఒకటి. కొత్తది, ఇప్పటిది, కథ ముగిసేనాటిది అని మూడు దశలూ పక్కపక్కన పెట్టాలి. కొలతలు మిల్లీమీటర్లలో రాయాలి. మాస్కు లోపలి ఉపరితలానికీ చర్మానికీ మధ్య 5 నుంచి 8 మిల్లీమీటర్ల ఖాళీ ఇవ్వకపోతే పాత్ర నవ్వినప్పుడు బుగ్గ మాస్కులోంచి పొడుచుకొస్తుంది.

మోడలర్‌తో ఒక మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సమానంగా ఉండే వస్తువులకు టెక్స్చర్ జాగా ఆదా చేయడానికి యూవీలను, అంటే మోడల్ పైపొరను పరిచి బొమ్మ అతికించే పటాన్ని, సగం తిప్పి రెండో సగానికి వాడుకోవడం మామూలే. మాస్కుకు అలా చేస్తే కుడి చెంప మీది బొటనవేలి అరుగుదల ఎడమ చెంప మీదా ప్రత్యక్షమవుతుంది, ఉలి దెబ్బలు సీతాకోకచిలుక రెక్కల్లా జంటగా తేలుతాయి. కథంతా ఆ ఒక్క ఆదాలో పోతుంది. ‘ముందు భాగం యూవీ తిప్పవద్దు’ అని షీట్ మీద పెద్దక్షరాల్లో ఉండాలి. లోపలి వైపు జాగా తగ్గించుకోమనండి, పర్వాలేదు.

ఆఖరుగా, కథ తెలియని ముగ్గురికి మాస్కును అయిదు సెకన్లు చూపించి దాచేయాలి. బాగుందా అని అడగకూడదు. ‘దీన్ని ఎవరికోసం చేశారు? దీనికి ఏమేం జరిగింది? ఏది ముందు జరిగింది?’ అని అడగాలి. ‘భయంగా ఉంది’, ‘దిగులుగా ఉంది’ అన్న జవాబులే వస్తే సంఘటనలు కనిపించడం లేదని అర్థం. అప్పుడు మచ్చలు పెంచకూడదు, పక్కనున్న మచ్చలు తీసేయాలి. జరిగినవి చెప్పి వరస తప్పు చెబితే తప్పు రంగుల్లో ఉంది. గీకిన చోటుకు ఇంకొంచెం తేనెరంగు, జిడ్డు చేర్చి, కోసిన అంచును ఇంకొంచెం పాలిపోనిచ్చి, మరో ముగ్గురికి చూపించాలి.